కాలమ్ అడుగున మిగిలిన చోటు

"మాట ఎవరిదండీ గురువుగారూ? పుట్టించినవాళ్ళదా, పేరున్నవాళ్ళదా?" అని వకుళ అడిగినప్పుడు రంగధామంగారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకి ఏనాడూ లేదు.

కనిగిరి చుట్టుపక్కల ఆయన పేరు వినని ఇల్లు తక్కువ. జిల్లా పత్రికలో 'తిరగలి' అనే కాలమ్ ఏళ్ళ తరబడి రాశారు. కాలమ్ అడుగున ఖాళీ మిగలకూడదు కాబట్టి, రాసింది కురచైన రోజున ఓ చిన్న ముక్క చేర్చి చోటు నింపేవారు. విచిత్రమేమంటే జనం పైన రాసిందంతా మరిచిపోయి ఆ అడుగు ముక్కలే పట్టుకున్నారు. "ఎన్నికల ముందు వేసిన రోడ్డూ, పెళ్ళికి కుట్టించిన కోటూ ఒక్క పూటకే" అన్నది ఆయనదే. "సలహా అడిగేవాడికి జవాబు ముందే తెలుసు, తోడు కోసం అడుగుతాడు" అన్నదీ ఆయనదే.

అన్నిటికన్నా ఎక్కువగా తిరిగిన మాట మాత్రం ఆయనది కాదు. కంటి ఆపరేషన్ అయిన రోజుల్లో ఆయన చెబుతుంటే శిష్యురాలు వకుళ రాసిపెట్టేది. ఒకనాడు అడుగున రెండు లైన్ల చోటు మిగిలింది. ఆయన నిద్రలో ఉన్నారు, ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. ఆమె తనకు తోచింది రాసి పంపేసింది: "గెలిచిన తగువును ఇంటికి తెచ్చుకున్నవాడికి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు." అది ఆయన పేరుతోనే ఆటోల వెనకా క్యాలెండర్ల మీదా ఎక్కింది. నేను పంతులుగా ఉన్న బడి గోడ మీద రాయించింది నేనే.

ఇప్పుడు ఆయన సూక్తులు పుస్తకంగా వస్తున్నాయి. ప్రూఫులు దిద్దడానికి నన్ను పిలిపించారు. మొదటి పేజీలో ఆ మాటే ఉంది. అది చూసే వకుళ ఆ ప్రశ్న వేసింది. ఆరేడేళ్ళుగా సొంతంగానూ రాస్తున్నా ఆమె పేరు ఎక్కడా అచ్చులో పడలేదని నాకూ తెలుసు.

"నువ్వడిగింది న్యాయమే. ఇవాళ సంత గదా, మాలకొండయ్య వస్తాడు. కాసేపు కూర్చో" అన్నారు రంగధామంగారు.

ఎండ వాలకముందే బత్తాయి రైతు మాలకొండయ్య వచ్చాడు. సంచీ గడప దగ్గర పెట్టి, రంగధామంగారి ఎదురు కుర్చీలో కూర్చుని, చల్లటి మజ్జిగ తాగి, ప్రతి సంతకీ చెప్పే కథే మొదలుపెట్టాడు. ఉమ్మడి బోరు కోసం తమ్ముడితో కోర్టుకెక్కాడు. గెలుపు ఖాయమని వకీలు చెప్పాడు. అదే రోజు బస్టాండులో ఓ ఆటో వెనక ఆ 'గెలిచిన తగువు' మాట చదివాడు, కేసు వదులుకున్నాడు. తమ్ముడు దాన్ని చేతగానితనం అనుకున్నాడు, బోరు నీళ్ళన్నీ తన వైపు తిప్పుకున్నాడు. ఇతని బత్తాయి చెట్లు ఎండుతున్నాయి.

"మాట మంచిదే సారూ, నేనేమీ అనను. నమ్మినాక ఏం జెయ్యాల్నో కూడా ఆ కిందనే రాసుంటే బాగుండేది" అన్నాడు.

రంగధామంగారు ఇన్ని సంతలుగా ఆ ఫిర్యాదు విని తల వంచుకునేవారు. ఆవేళ మాత్రం, "మాలకొండయ్యా, ఆ మాట నాది కాదు. ఈ అమ్మాయిది" అన్నారు.

మాలకొండయ్య ఆశ్చర్యపోలేదు. లేచి, కుర్చీని వకుళ వైపు జరుపుకుని కూర్చున్నాడు. "అట్టనా తల్లీ. అయితే నీకు మొదట్నించీ చెప్పాల" అని మళ్ళీ అందుకున్నాడు.

రెండు లైన్ల చోటు మిగిలితే రాశానని ఆమె చెప్పబోయిందనుకుంటాను. ప్రూఫులో ఆ మాట మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. కథ చెట్ల దాకా వచ్చాక నెమ్మదిగా అడిగింది, తమ్ముడి ఇల్లు ఎంత దూరమని.

"నడిమిన గోడే తల్లీ" అన్నాడతను.

అతను సంచీ భుజాన వేసుకుని గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. "వచ్చే సంతకి ఎవరి దగ్గరికి రావాల?" అని ఇద్దరినీ కలిపి అడిగాడు.

రంగధామంగారు కిటికీ వైపు చూస్తున్నారు. వకుళ ప్రూఫు కాగితం వంక ఓ క్షణం చూసి, "నా దగ్గరికే రండి పెద్దాయనా, బస్టాండు వెనక సందులో ఉంటాను" అంది.

అతను వెళ్ళాక, ఇతను ప్రతి సంతకీ వస్తున్న సంగతి ఇంతకాలం తనకెందుకు చెప్పలేదని ఆమె గురువుగారిని అడిగింది. ఆయన నా చేతిలోంచి కలం తీసుకుని, మొదటి పేజీలో ఆ మాట కింద తన పేరు కొట్టేసి, పక్కన ఆమె పేరు రాశారు. కాగితం ఆమె ముందుకి జరిపారు.

"సంతరోజున మజ్జిగ కాస్త ఎక్కువే కలిపిపెట్టుకో అమ్మా. పాపం, నడిచొస్తాడు" అన్నారు.