చేపతోక ముక్క

చీరాలలో మస్తాన్‌వలి మాస్టరు దగ్గర కుట్టుపని నేర్చుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటు ఒకటి తెలుసు. ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. చేతిలో ఒక పని పెడతారు. చంక కింద ముడత ఎందుకు పడుతోందని అడిగినవాడికి పాత చొక్కా ఒకటిచ్చి కుట్లన్నీ విప్పమంటారు. గీచి గీచి బేరమాడేవాళ్లతో ఎలా వేగాలని అడిగిన అమ్మాయిని ఒక పూటంతా కౌంటరు దగ్గర కూర్చోబెడతారు. పని అయ్యాకైనా జవాబు చెబుతారా అంటే, అదీ ప్రతిసారీ కాదు.

ఈ సంగతి తెలిసి కూడా సువార్త ఒక శుక్రవారం ఉదయం ఆయన కొట్టు మెట్లెక్కింది. అడగడానికి ఆమెకు ఇంకెవరూ లేరు. ఆగడానికి వ్యవధి లేదు.

పదేళ్ల కిందట ఆ కొట్టులోనే రెండేళ్లు కూర్చుని జాకెట్ల కటింగ్ నేర్చుకుంది. తర్వాత ఎగుమతి బట్టల కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, మానేసి, 'సూదీ దారం' అని తెలుగులో ఒక వెబ్‌సైటు పెట్టింది. మెషీన్‌కు నూనె ఎక్కడ వెయ్యాలి, దారం ఎందుకు తెగుతుంది, కటోరీ జాకెట్టుకు కొలతలెలా తియ్యాలి, ఇలాంటివి రాస్తుంది. మూడేళ్లలో రోజుకు నాలుగు వేల మంది చదివే స్థితికి వచ్చింది. చదివినందుకు ఎవరూ డబ్బివ్వరు. దాచుకున్నది అయిపోవచ్చింది. పాత కంపెనీవాళ్లు కబురు పెట్టారు: క్వాలిటీ చెకరు ఉద్యోగం ఉంది, సోమవారంలోగా ఔనో కాదో చెప్పాలి. ఔనంటే పొద్దున ఆరింటికి బస్సెక్కడం, చీకటిపడ్డాక దిగడం. సైటు మూసుకోవడమే.

"మాస్టారూ, మూడు నెట్‌వర్కులున్నాయి. దేంట్లో చేరమంటారు?" అంది.

మాస్టరు కత్తెర ఆపలేదు. "నెట్లు కావాలంటే ఓడరేవు పోవాలమ్మాయ్. వలలు అక్కడ అమ్ముతారు."

"ఆ నెట్ కాదు మాస్టారూ. వస్తువులమ్మే కంపెనీలకీ మాలాంటి సైట్లవాళ్లకీ మధ్యన ఉండేవాళ్లు. ఫలానా మెషీన్ బాగుందని నేను రాసి, కింద లింకు పెడతాను. ఎవరన్నా దాన్ని నొక్కి వెళ్లి కొంటే అమ్మినవాళ్లు నాకు కమిషనిస్తారు. కొన్నవాళ్లకు పైసా ఎక్కువ పడదు."

"నువ్వు పంపావని వాళ్లకెట్టా తెలుస్తుంది?"

"లింకులో నా గుర్తు ఉంటుంది."

"అంటే ముక్క," అన్నారు మాస్టరు.

సువార్తకు నవ్వొచ్చింది. ఇంతకన్నా బాగా తనూ చెప్పలేకపోయేది. ఆ వీధిలో టైలర్లు జాకెట్టు గుడ్డ అంచు నుంచి వేలెడు ముక్క కత్తిరించి, లైనింగు తెచ్చుకోమని మ్యాచింగ్ సెంటరుకు పంపుతారు. ఏ ముక్క ఎవరు పంపారో తెలియడానికి ఎవరి గాటు వాళ్లకుంటుంది. ఒకరిది రంపపు పళ్లు, ఒకరిది ఏటవాలు కోత. మస్తాన్‌వలి మాస్టరుది చేపతోక. కొట్టువాళ్లు ఆ ముక్కల్ని తీగకు గుచ్చి ఉంచుతారు. నెలాఖరుకు ముక్కకింత అని టైలరుకు ముడుతుంది. మాస్టరు ఆ కమిషన్ తీసుకునేవారు. తీసుకుంటున్నానని అడిగినవాళ్లకు చెప్పేవారు కూడా.

సువార్త నోటుబుక్కు తెరిచింది. మూడు వారాలు కూర్చుని గళ్లు గీసి రాసుకున్న పట్టిక అది. మొదటి నెట్‌వర్కు వందకు పన్నెండు ఇస్తుంది, కాని చేతికి రావడానికి మూడు నెలలు. రెండోది వందకు మూడే, అదీ లింకు నొక్కిన రోజే కొంటేనే; దాని మీద అప్పటికే గీత కొట్టేసింది. మూడోది శాతం లెక్క కాదు, మెషీనుకు ఏడొందలు. నెలలోపు ఎప్పుడు కొన్నా చెల్లుతుంది. ఆమె చదువుతున్నంతసేపూ మాస్టరు వింటూనే ఉన్నారు. చదవడం అయ్యాక అలమరలోంచి ఒక పల్చటి పట్టు గుడ్డ తీశారు. నెమలికంఠం రంగు. పడుగొక రంగు, పేకొక రంగు; ఒక వైపు నుంచి చూస్తే నీలం, ఇంకో వైపు నుంచి ఆకుపచ్చ. అంచు నుంచి చేపతోక ముక్క కత్తిరించి ఆమె చేతిలో పెట్టారు.

"విజయకుమారి టీచరుగారి జాకెట్టు. ఉత్తమ అంగన్‌వాడీ టీచరని సాయంత్రం అయిదింటికి ఆవిడకు సన్మానం. లైనింగు కావాలి. ఈ వరసలో మూడు కొట్లున్నాయి. ఏది బాగుందో చూసుకుని రా."

మూడు నెట్‌వర్కులు, మూడు కొట్లు. మాస్టరు ఎత్తు తనకు అర్థమైపోయిందనుకుంది సువార్త. నోటుబుక్కు చంకలో పెట్టుకుని బయల్దేరింది.

మొదటిది అద్దాల తలుపుల కొట్టు. లోపల ఏసీ. ముక్క చూపించకముందే మేనేజరు "ఏ మాస్టరు పంపారమ్మా?" అన్నాడు. కమిషన్ సంగతి అడిగేసరికి, కొత్తగా కొట్టు పెడుతున్న టైలరనుకుని కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించాడు. "మీటరుకు పన్నెండు రూపాయలండీ. నెలకు ముప్పై ముక్కలు దాటితే కుక్కరు." ఆమె రాసుకుంది. రెండోది సందు మలుపులో ఉంది. మీటరుకు ఎనిమిది, కాని కొనుక్కెళ్లినావిడ గుడ్డ వెనక్కి తెస్తే కమిషన్ కోసేస్తారు. అదీ రాసుకుంది.

మూడోది, అద్దాల కొట్టుకు ఎదురుగా, సుబ్బరత్తమ్మ కొట్టు. బీరువా పాటి వెడల్పు. ఆవిడ చెయ్యి చాచింది. "ముక్క ఇట్టా తే."

సువార్త ముక్క ఇచ్చి, "ముందు కమిషనెంతో చెప్పండి," అంది.

"రెండు."

"రెండేనా?"

"చాలదా? ఎదురుగా కుక్కరిస్తున్నారు, పో. అన్నం అక్కడే వండుకో."

సువార్తకు చురుక్కుమంది. 'రెండు' అని రాసి, కింద గీత కొట్టి, మెట్లు దిగింది.

కొట్టుకు తిరిగొచ్చేసరికి విజయకుమారి టీచరు స్టూలు మీద కూర్చుని ఉంది. సువార్త పట్టిక చదివి వినిపించింది: ఎవరెంతిస్తారు, ఎప్పుడిస్తారు, ఎందుకు కోస్తారు. ఈసారి గళ్లు ఇంకా తీరుగా వచ్చాయి. మాస్టరు ఒక్కచోట మాత్రం అడ్డం వచ్చారు.

"కుక్కరు ఎన్ని లీటర్లదంట?"

"అడగలేదు మాస్టారూ."

"అదొక్కటే వదిలేశావ్."

విజయకుమారి టీచరు మెడ చాచి నోటుబుక్కులోకి చూసింది. "ఇదంతా బానే ఉందమ్మా. నా లైనింగేదీ?"

సువార్త చేతులు చూసుకుంది. ఒక చేతిలో నోటుబుక్కు, ఇంకో చేతిలో పెన్ను. లైనింగు లేదు సరికదా, ముక్క కూడా లేదు. మూడు కొట్లు తిరిగింది గాని, ఆ ముక్కను ఏ గుడ్డ పక్కనా పెట్టి చూడలేదు. ఆ రంగు ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియదు. "అయ్యో నా తల్లీ, మూడు కొట్లకూ పోయి గుడ్డ చూడకుండా కమిషన్లు కనుక్కొచ్చావే!" అంది టీచరు. అది కోపమో హాస్యమో తేల్చుకునేదాకా ఆగకుండా సువార్త వీధిలోకి పరుగెత్తింది.

సుబ్బరత్తమ్మ కొట్టులో లేదు. ఎదురుగా అద్దాల కొట్టు గుమ్మంలో, ఎండలో నిలబడి ఉంది. ఒక చేతిలో చేపతోక ముక్క, ఇంకో చేతిలో మడత విప్పిన లైనింగు గుడ్డ. రెంటినీ పక్కపక్కన పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తోంది. లోపలి నుంచి మేనేజరు, "ఏసీ పోతోందమ్మా, తలుపెయ్యి," అంటున్నాడు.

"నీ ట్యూబులైట్ల కింద అన్నీ కలుస్తాయి నాయనా. ఆగు," అని, సువార్తను చూసి, "ముక్క పారేసుకుని పోయావ్. చేపతోక చూసి మస్తాన్‌వలిదనుకున్నా. నా దగ్గరున్న ఆకుపచ్చ దీనికి నప్పలేదు. ఇదిగో, ఇది కలిసింది. ఎండలో కూడా పట్టుకుని చూడు," అంది.

సువార్త చూసింది. నీలం వైపు తిప్పినా, ఆకుపచ్చ వైపు తిప్పినా లైనింగు లోపలి నుంచి తేడా కొట్టడం లేదు. ముక్కను అద్దాల కొట్టువాళ్ల తీగకే గుచ్చి, గుడ్డ పొట్లం చేతిలో పెట్టి, సుబ్బరత్తమ్మ రోడ్డు దాటి తన కొట్టువైపు నడిచింది.

"మరి కమిషన్ మాస్టరుకు వస్తుంది, అమ్మకం వాళ్లకు వస్తుంది. మీకేం వచ్చిందండీ?" అని వెనకాలే వెళ్లి అడిగింది సువార్త.

"రేపు ఇంకో ముక్క వస్తది," అంది సుబ్బరత్తమ్మ, అందులో విశేషమేమీ లేనట్టు.

జాకెట్టు నాలుగున్నరకు తయారైంది. హెమ్మింగు సువార్తే చేసింది. టీచరు వేసుకుని చూసుకుని, పొద్దున అన్న మాటకు బదులుగా సంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఆమె చేతిలో పెట్టి వెళ్లింది. కొట్టులో ఇద్దరే మిగిలారు.

"మాస్టారూ, ఇన్నేళ్లనుంచీ మీరు జనాన్ని ఏ కొట్టుకు పంపుతున్నారు?"

"ముక్కను బట్టి," అని మాస్టరు మెషీన్ చక్రం మీద చెయ్యి వేశారు.

ఇంటికి వెళ్లి సువార్త పట్టిక ముందేసుకుని కూర్చుంది. శాతాలు, గడువులు, చెల్లింపు తేదీలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క తప్పూ దొరకలేదు. చదివేవాళ్లకు ఏం కావాలో రాసుకున్న గడి మాత్రం అందులో లేదు. శనివారమంతా, సైటు కింద మూడు నెలలుగా జనం రాసిన వ్యాఖ్యలు మొదటి నుంచి చదివింది. ఇదివరకు వాటిని లెక్కపెట్టి సంతోషించేది; తీరిక ఉన్నప్పుడు కొన్నిటికి జవాబిచ్చేది. ఇప్పుడు ఒక్కొక్కటీ ముక్కలాగా పట్టుకుని చూసింది.

కనిగిరి నుంచి ఒకావిడ రాసింది: "అక్కా, మా అత్త మెషీన్ బెల్టు తెగింది. ఊళ్లో షాపు తీసేశారు. ఎక్కడ దొరుకుద్ది?" రేపల్లె నుంచి ఇంకొకరు: "కింద దారం ముడులు పడతన్నాయి. బాబిన్ కేసు పోయిందంటున్నారు. మెషీనే మార్చాలా?" సూది నంబరడిగినవాళ్లు, ఫుట్ విరిగినవాళ్లు, నలభై ఏళ్ల నాటి మెషీన్ ఫొటో పెట్టి దీనికి ఏం సరిపోతుందని అడిగినవాళ్లు. అన్నీ కలిపితే రెండు వందల పద్నాలుగు. కొత్త మెషీన్ ఏది కొనాలని అడిగినవాళ్లు ముప్పై ఒక్కరు. తనేమో మూడు వారాలుగా మెషీన్ల మీద వచ్చే కమిషన్లనే కూడి తీసేసి చూస్తోంది.

వందకు పన్నెండిచ్చే నెట్‌వర్కులో వెతికింది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్లున్నాయి, బెల్టు లేదు. ఏడొందలిచ్చే దాంట్లో మెషీన్లే తప్ప విడిభాగాల ఊసే లేదు. వందకు మూడిచ్చేదాంట్లో ఆ పాత మోడళ్ల బెల్టులు, బాబిన్ కేసులు, సూదులు, అన్నీ ఉన్నాయి. మూడింట్లోనూ తను గీత కొట్టేసింది దాన్నే. శనివారం సాయంత్రం అందులో చేరింది. ఏ మెషీన్‌కు ఏ బాబిన్ కేసు సరిపోతుందో ఫొటోలతో ఒక పేజీ రాసింది. పాతది బాగుచేస్తే నడిచే మెషీన్‌ను మార్చొద్దని అందులోనే రాసింది. కింద లింకులు పెట్టి, "వీటి ద్వారా కొంటే నాకు కొంత కమిషన్ వస్తుంది" అని అందరికీ కనిపించేంత అక్షరాల్లో పెట్టింది.

సోమవారం ఉదయం కంపెనీకి ఫోన్ చేసి రానని చెప్పింది. అక్కడి నుంచి నేరుగా మాస్టరు కొట్టుకు వెళ్లింది. ఆయన ఒక చొక్కా కాలరు తిరగేస్తున్నారు.

"తక్కువిచ్చేదాంట్లోనే చేరాను మాస్టారూ. సైట్లో జనం అడిగిన విడిభాగాలు అందులోనే ఉన్నాయి. ఉద్యోగం వద్దన్నాను. రెండు రోజుల్లో పదకొండు మంది కొన్నారు. పదకొండింటికీ కలిపి నాకొచ్చింది ఇద్దరి టిఫిన్‌కి సరిపోదు. తప్పు చేశానా?"

"అడిగినవాళ్లు ఎంతమంది?"

"రెండు వందల పద్నాలుగు మంది. నిన్నటికి ఇంకో నలభై మంది అడిగారు. ఎవరి మెషీన్ వాళ్లది, ఒక్కొక్కరికీ విడిగా చూసి చెప్పాలి."

మాస్టరు కాలరు పక్కన పెట్టి, కళ్లజోడు పైనుంచి ఆమెను చూశారు.

"అంతమందిని గుమ్మంలో నిలబెట్టి, ఇక్కడ నాతో మాట్లాడుతున్నావేంటమ్మాయ్?"