రెండు ప్రీయాంపుల పరీక్ష

వెదుళ్ళకోట జమీందారుకు రికార్డుల పిచ్చి ఉండేది. టర్న్‌టేబుల్ ముల్లు నుంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచడానికి ఆయనకు మంచి ప్రీయాంపు పెట్టె కావలసి వచ్చింది. దివాను రంగనాయకులు బంగారు పూత పెట్టె తెప్పించాడు. రేడియోలు బాగుచేసే మస్తాను మామూలు రేకుపెట్టె తెచ్చాడు.

"ఇది బ్యాలెన్స్‌డ్ పెట్టె దొరా. పాటను రెండు తీగల మీద నడిపించి, దారిలో దూరిన రొదను తుడిచేస్తుంది," అన్నాడు మస్తాను.

"సంగీతం గురించి నాకే చెబుతావురా? రెండు పెట్టెలనూ పరీక్షిద్దాం. నీది ఓడిపోతే నీ కొట్టు మూయించేస్తాను," అన్నాడు దివాను.

మస్తాను సరేనని జమీందారునూ దివానునూ కళ్ళు మూసుకోమన్నాడు. ముందు బంగారు పెట్టె తగిలించి ధ్వని పూర్తిగా పెంచాడు. గుయ్యిమని మోగింది.

"ఆహా! తంబురా శ్రుతి ఎంత నిండుగా ఉందో!" అని దివాను తల ఊపాడు.

తర్వాత రేకుపెట్టె తగిలించి ధ్వని అంతే పెంచాడు. హాలంతా నిశ్శబ్దం.

"విన్నారా ప్రభూ? ఇది పాట మొత్తం మింగేసింది!" అన్నాడు దివాను.

"ఏ పాటండీ?" అని అడిగాడు మస్తాను. "ముల్లు ఇంకా రికార్డు మీద పెట్టనేలేదు."

జమీందారు కళ్ళు తెరిచి చూశాడు. నిజమే.

"రేకుపెట్టె ఉండనీ మస్తానూ," అన్నాడు. "దివాను గారు బయటికి వెళ్ళాక పాట పెట్టు."