గువ్వ ఉండబోయే చోటు

ఓబులేసు ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవాళ్ళు, ఊళ్ళో ఇంకెవరూ చెప్పరు కదా మరి! "మన బుర్రలే అందరికీ ఉంటే ఈ ఊరేమైపోయేదో!" అని ఓబులేసు అంటే, "మునిగిపోయేదన్నా" అని తమ్ముడు మద్దిలేటి గర్వంగా తలూపేవాడు.

ఓబులేసు పెళ్ళాం ఈరమ్మ మాత్రం ఓపిక చచ్చిపోయి, పుట్టింటికి కబురు పెట్టింది. వాళ్ళన్న సుంకన్న బండి కట్టుకుని దిగాడు. ఆయన పేరుమోసిన వేటగాడు.

"పొద్దుగూకేలోగా నాలుగు గువ్వలు కొట్టుకురా ఓబులేసూ. తెచ్చావా, నీకు తెలివుందని ఒప్పుకుంటా. లేదంటే నా చెల్లెల్ని తీసుకుపోతా."

ఓబులేసు బావ కాళ్ళు పట్టుకున్నాడు. ఈరమ్మ లేకుండా ఒక్క పూట గడవదు పాపం.

సుంకన్న జాలిపడి తన నాటు తుపాకి, రెండు దెబ్బలకు సరిపడా మందు ఇచ్చాడు. కిటుకూ చెప్పాడు. "గువ్వలు జొన్నచేలో మేసి, నీళ్ళకని రోజూ ఒకే దారిన వంకకు పోతాయి. ఆ దారిలో చెట్టులా నిలబడు. ఉలకొద్దు, పలకొద్దు. గువ్వ ఉన్నచోట కాల్చొద్దు, ఉండబోయే చోట కాల్చు."

అంతే. ఓబులేసు ఒళ్ళంతా వేపమండలు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకేముంది, మేకలొచ్చాయి. మండలు మేసి, పంచె అంచు కూడా నమలడం మొదలెట్టాయి.

"అన్నా, పంచె పోతోంది!" అన్నాడు మద్దిలేటి. ఓబులేసు పలకలేదు. చెట్టు మేకల్ని అదిలిస్తుందా ఎక్కడైనా?

ఇంతలో ఓ గువ్వొచ్చి తుపాకి గొట్టం మీదే వాలింది. "కాల్చన్నా, కాల్చు!" ఓబులేసు మనసులోనే తిట్టుకున్నాడు. ఉన్నచోట కాల్చొద్దని బావ చెప్పలా? వీడికి బుద్ధెప్పుడొస్తుందో! గువ్వ వంక వైపు ఎగిరిపోయాక, గురిచూసి వంకలో నీళ్ళ మీద కాల్చాడు. ధన్! గువ్వలన్నీ పారిపోయాయి.

అప్పుడు నోరు తెరిచాడు. "ఒరే, గువ్వలు చివరికి ఉండబోయేదెక్కడరా?"

"కూర చట్టిలో కదన్నా!"

ఇంకేముంది, ఇద్దరూ ఇంటికి పరుగో పరుగు. ఎంత విసిగినా మొగుడు గెలవాలనే ఈరమ్మకు ఆశ. మసాలా నూరి పొయ్యి మీద పులుసు మరిగిస్తోంది.

"పక్కకు జరగవే!" ధన్! చట్టి ముక్కలైపోయింది. పులుసంతా పొయ్యి పక్కనే కూర్చున్న సుంకన్న మీసాల మీద పడింది.

ఓబులేసు పెంకుల్లోకి తొంగిచూశాడు. "గురి తప్పలేదు బావా. గువ్వలే ఇంకా రాలేదు."

సుంకన్న చెల్లెల్ని బండెక్కించాడు.

"బండెనకాల పరిగెత్తన్నా!"

"తెలివుందంట్రా నీకు? ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి!"

అడ్డదారిన పోయి, ఈరమ్మ పుట్టింటి వాకిట్లో కొత్త మండలు కట్టుకుని నిలబడ్డాడు ఓబులేసు. బండొచ్చింది. సుంకన్న చెట్టనుకుని ఎద్దుల్ని ఓబులేసుకే కట్టేసి లోపలికి పోయాడు. ఈరమ్మ మాత్రం మేకలు నమిలిన పంచె గుర్తుపట్టింది. ఆమె మనసు కరిగిపోయింది.

"నాకంటే ముందొచ్చి నిలబడ్డావా అయ్యా! సరే పద, మనింటికి పోదాం."

ఓబులేసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఉలకలేదు, పలకలేదు. ఈరమ్మ మూడుసార్లు అడిగి, ఒళ్ళుమండి ధడాలున తలుపేసుకుంది.

ఓబులేసు లోలోపల మురిసిపోయాడు. ఈసారి ఒక్క తప్పూ చెయ్యలేదు మరి!