పైడమ్మ ఉప్పుమడి

అనగనగా, అంటే మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, సముద్రం ఒడ్డున తెల్లగట్టు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో వరి పండదు, చెరకు పండదు. పండేదల్లా ఉప్పే.

ఉప్పుమడులన్నీ రాజుగారివి. ఎవరికిచ్చిన మడి వారు చేసుకుని, వైశాఖమాసం వెళ్లేలోగా మడికి పది బుట్టల ఉప్పు కోటకు చేర్చాలి. ఆపైన పండింది వారి తిండికి. పది బుట్టలు నిండకపోయాయా, మడి మరొకరి చేతికి పోతుంది. ఏడ్చినా మొత్తుకున్నా లాభం లేదు.

ఆ ఊళ్లో పైడమ్మకు ఒక మడి ఉంది. ఆ మడి తప్ప ఆమెకు, ఆమె ఇద్దరు ఆడపిల్లలకు వేరే ఆధారం లేదు. ఆమె భర్త చేపలకు వెళ్లి పడవతో సహా సముద్రంలో కలిసిపోయాడు. అయినా పైడమ్మ రోజూ పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి గంగమ్మకు పసుపు కుంకుమలు పెట్టి, దణ్ణం పెట్టుకుని గాని మడిలో కాలు మోపేది కాదు.

పక్కమడి అప్పలసామి ఆమెకు మరిది వరస. మాట కాస్త దురుసు, మనిషి మరీ చెడ్డవాడు కాడు. నీ మొగుణ్ణి మింగిన తల్లికి నువ్వు పూజలు చేస్తావేమిటని ఒకనాడు అడిగేశాడు.

"తీసుకున్నదీ ఆవిడే, పెడతన్నదీ ఆవిడే. ఆవిడి మీద అలిగితే నానింకెవులి కాడికి పోతాను మరిదీ?" అంది పైడమ్మ.

అప్పలసామి ఉప్పు గీకే పలక భుజాన వేసుకుని తన మడికి పోయాడు.

ఆ ఏడు ఫాల్గుణంలో మడుల నిండా ఉప్పు తేలింది. తెల్లగా, చూడముచ్చటగా ఉంది. రేపు గీకుదామనుకుంటుండగా కాలం కాని కాలంలో వాన పడింది. పూటలో ఉప్పంతా నీరైపోయింది. ఊరు ఊరంతా నెత్తీనోరూ కొట్టుకుంది. పైడమ్మ కూడా ఏడ్చింది. ఏడవకుండా ఎలా ఉంటుంది? ఏడ్చి, కళ్లు తుడుచుకుని, గంగమ్మకు దణ్ణం పెట్టి, మడిలోని వాననీరు తోడిపోసింది.

చైత్రంలో మళ్లీ ఉప్పు కట్టింది. పున్నమి నాడు సముద్రం పోటెత్తి గట్లు తెంపేసింది. ఈసారి ఉప్పూ పోయింది, గట్టూ పోయింది. ఇక పూజలు దండగన్నారు కొందరు. పైడమ్మ తట్ట పట్టుకుని మట్టి మోసింది. పిల్లలు అందిస్తుంటే తొమ్మిది రోజుల్లో గట్టు కట్టుకుంది. పొద్దున్నే దణ్ణం మాత్రం ఒక్కనాడూ మానలేదు.

వైశాఖం వచ్చేసింది. ఇక ఊరందరికీ ఒకటే తొందర.

ఉప్పు చేసేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒకసారి ఉప్పు తీశాక మడి అడుగున చిక్కటి నీరు మిగులుతుంది. ముట్టుకుంటే నూనెలా జిడ్డుగా ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే చేదు. ఆ చేదునీటిని పూర్తిగా తోడి పారబోసి, మడి ఆరాకే కొత్తనీరు పెట్టాలి. దానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ ఏడు ఆ నాలుగు రోజులు ఎవరికీ లేవు. అందరూ చేదునీటి మీదే కొత్తనీరు పెట్టేశారు. దాచడమెందుకు, పైడమ్మ కూడా అదే పని చేసింది. అలా తీసీ తీసీ తొమ్మిది బుట్టలు నింపుకుంది.

తీసిన ఉప్పులో తొలి దోసెడు గంగమ్మది. ఆ ఉప్పుతో పప్పన్నం వండి అమ్మవారికి నైవేద్యం పెట్టాకే మిగతా ఉప్పు గడప దాటుతుంది. నైవేద్యాన్ని ముందుగా రుచి చూడకూడదు కదా. పైడమ్మ వండింది, పెట్టింది, దణ్ణం పెట్టింది. ఆ తరువాత ప్రసాదం నోట్లో వేసుకుంది.

చేదు.

పిల్లలిద్దరూ మింగలేక ఆమె ముఖం చూశారు. వాన కురిసిననాడు, గట్టు తెగిననాడు కూడా ఆమె అంత బాధపడలేదు. అమ్మవారికి చేదుకూడు పెట్టానే అని కుమిలిపోయింది.

వైశాఖం ముగియడానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పైడమ్మ ఆ తొమ్మిది బుట్టలూ ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుపోయి సముద్రంలో పోసేసింది. అప్పలసామి పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"వదినా, మతి గాని పోయిందేటి? మా ఇంటి నైవేద్యమూ సేదే. మేం నోరు మూసుకోలేదా? కోటలో కుండెడు కూరలో సిటికెడు ఉప్పేస్తారు. సేదని ఎవులికి తెలుస్తాది?"

"కోటలో ఎవులికీ తెలీకపోవచ్చు మరిదీ. అమ్మోరికి తెలిసిపోనాది. కట్టాలు ఆవిడికి సెప్పుకోవచ్చు గాని, సేదు పెట్టకూడదు."

"మడి పోతాదే?"

"పోతే పోనీ. నాను సెయ్యాల్సింది నాను సేస్తాను. ఆపైన ఆవిడి దయ."

అన్న మాట ప్రకారం చేదునీరు చుక్క మిగలకుండా తోడింది. మడి ఆరబెట్టింది. కొత్తనీరు పెట్టి, ఎండకు ఎండుతూ కాచుకుంది. చేతులు బొబ్బలెక్కాయి, పాదాలు పగిలాయి. బళ్లు కదిలే నాటికి తేలిన ఉప్పు ఎనిమిది బుట్టలు. దోసెడు తీసి వండి అమ్మవారికి పెట్టింది. ఈసారి పిల్లలు ప్రసాదం అడిగి మరీ తిన్నారు. కాని పదికి రెండు బుట్టలు తక్కువే.

బళ్లన్నీ కోటకు బయలుదేరాయి. రెండు రోజుల దారి. దారిపొడవునా తొలకరి ముందు వచ్చే తేమగాలి వీచింది. చేదునీటిలో కట్టిన ఉప్పుకు ఒక గుణముంది, తేమ తగిలితే నీరు కారిపోతుంది. అప్పలసామి బండి కింద బొట్లు బొట్లుగా మొదలై ధార కట్టింది. ముందు బండీ అంతే, వెనక బండీ అంతే. పైడమ్మ బండి కింద మాత్రం దుమ్ము దుమ్ముగానే ఉంది.

కోటలో కొలిచారు. అప్పలసామి పది బుట్టలు ఆరయ్యాయి. మిగిలినవారివి ఐదు, ఆరు. పైడమ్మ ఎనిమిది బుట్టలు ఎనిమిదే. ఎవరికీ పది నిండలేదు కనుక అందరి మడులూ పోయినట్టేనన్నాడు కొలిచే అధికారి. పైడమ్మ మడి కూడా పోయినట్టే. ఆడవాళ్లు గొల్లుమన్నారు.

ఆ గోల విని రాజుగారు స్వయంగా వచ్చారు. ఒక్క ఈమె ఉప్పే ఎందుకు కరగలేదని అడిగారు. పైడమ్మ చేతులు కట్టుకుని, తొందరలో తాను చేసిన తప్పుతో సహా, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రాజుగారు ఆమె ఉప్పు ఒక రవ్వ నాలుక మీద వేసుకుని రుచి చూశారు.

"అమ్మా, దేవత ముందు తప్పు దిద్దుకున్నావు. నా ముందు తప్పు దాచలేదు. నీ మడి నీదే. ఇంకేం కావాలో అడుగు" అన్నారు.

పైడమ్మ తన వాళ్లందరి వంకా చూసింది. అప్పలసామి తల దించుకుని నిలబడ్డాడు.

"ఆల మడులు కూడా ఆలకే ఒగ్గేయండి బాబూ. ఆలకీ అదే వాన పడింది, అదే పోటొచ్చింది. వచ్చే ఏటికి మంచి ఉప్పు తెస్తారు, నాను దగ్గరుండి సేయిస్తాను."

రాజుగారు సరేనన్నారు. అప్పలసామి అందరి ముందూ వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాడు. మరుసటి ఏటి నుంచి తెల్లగట్టు ఊరంతా పొద్దున్నే గంగమ్మకు మొక్కి మడిలో దిగడం నేర్చుకుంది. చేదునీరు తోడకుండా కొత్తనీరు పెట్టినవారు ఆ ఊళ్లో మళ్లీ లేరు.

కష్టకాలంలో కూడా దేవుడి ముందు పెట్టదగిన పనే చేసేవారి నమ్మకం ఎన్నటికీ వమ్ము కాదు.