సిగ్గుకొమ్మ

అనగనగా ఒక అడవిలో, నడి ఎండాకాలంలో కూడా ఎండని ఒక వాగు ఉండేది. వాగు ఒడ్డున పెద్ద నల్లమద్ది చెట్టు. చెట్టు మీద కొండముచ్చుల గుంపు కాపురం. చెట్టు కింద చుక్కల దుప్పుల మంద మకాం. కొండముచ్చుల సంగతి తెలుసుగా, సగం తిని సగం పారేస్తాయి. ఆ పారేసిన ఆకులూ కాయలూ దుప్పులు ఏరుకు తినేవి. అలా పైవాళ్ళకూ కిందవాళ్ళకూ మంచి స్నేహం కుదిరింది.

ఆ గుంపులో చిగురి అని ఒక కొండముచ్చు పిల్ల. మందలో చుక్కి అని ఒక దుప్పి పిల్ల. ఒకటి కొమ్మ మీద, ఒకటి నేల మీద. అయితేనేం, పొద్దున్నే ఒకదాన్నొకటి చూసుకోనిదే రెండింటికీ ముద్ద దిగేది కాదు.

ఆ చెట్టు మీద ఒక బడి కూడా ఉండేదర్రా. ఎందుకా నవ్వు? మీకొక్కళ్ళకేనా బడి? పంతులమ్మ పేరు బోసవ్వ. నోట్లో ఒక్క పన్ను లేదు, బుర్ర నిండా మాత్రం తెలివే. ఏ ఆకు తినాలో, ఏ కొమ్మ బరువు మోస్తుందో నేర్పేది. గద్ద వస్తే ఏ కూత, పాము వస్తే ఏ కూత, చిరుతపులి వస్తే ఏ కూత పెట్టాలో నేర్పేది. అన్నింట్లోనూ చిగురే ఫస్టు.

"నాకు తప్పు పోవడమే తెలియదవ్వా!" అని ఎగిరి గంతులేసేది.

"తెలుస్తుందిలే తల్లీ, తొందరేముంది!" అనేది బోసవ్వ.

బడి అయ్యాక పని. కొండముచ్చులకు పనంటే కాపలా. అందరూ కిందకు దిగి రాలిన ఇప్పపూలు ఏరుకు తింటుంటే, ఒకరు మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చోవాలి. నాలుగు దిక్కులా చూడాలి. చిరుత కనబడితే "ఖక్! ఖక్!" అని అరవాలి. ఆ కూత వింటే కొండముచ్చులు చెట్టెక్కుతాయి, దుప్పులు వాగు దాటి పారిపోతాయి. అందరి ప్రాణాలూ ఆ ఒక్క నోటి మీదే.

అంత పెద్ద పనికి ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. చెట్టు మొదట్లో వంకరగా ఒక కొమ్మ. దాని పేరు సిగ్గుకొమ్మ. లేని చిరుతకు కూత పెట్టినవాళ్ళు ఆ రోజంతా దాని మీద కూర్చోవాలి. తిండి లేదు. వచ్చేపోయేవాళ్ళంతా "ఏదమ్మా చిరుత? మాకూ చూపించు!" అని ఆడిపోసుకోవాలి. ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ నోట్లో మన్ను పడ!

చిగురి మొదటిసారి కాపలాకు ఎక్కింది. కళ్ళు చికిలించుకుని చూస్తోంది. అంతలో అవతలి పొదలో ఎండుటాకులు గలగలమన్నాయి. చిగురి గుండె గుభేలుమంది. "ఖక్! ఖక్! ఖక్!" అని గొంతు చించుకుంది.

నోట్లో పువ్వు నోట్లో ఉండగానే అందరూ చెట్టెక్కారు. దుప్పులు కాళ్ళకు బుద్ధి చెప్పాయి. పొద కదిలింది. లోపలి నుంచి ఎవరొచ్చారు? బారెడు తోక ఈడ్చుకుంటూ ఒక నెమలి! అది వీళ్ళందరినీ వింతగా చూసి, దాని దారిన అది పోయింది.

గుంపు పెద్ద గండరయ్య చెడ్డవాడు కాదు. ఆకలికి మాత్రం ఆగలేడు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళైనా బెదరవే! బడిలో ఫస్టు వచ్చింది ఇందుకేనా? పో, సిగ్గుకొమ్మ ఎక్కు!" అన్నాడు.

చిగురి ఎక్కింది. పొద్దుగూకేదాకా ఎగతాళే. తోటి పిల్లలైతే మరీనూ, "ఏదమ్మా చిరుత? దానికి పింఛముందా అమ్మా?" అని చుట్టూ తిరిగారు. తలకొట్టేసినట్టయింది పాపం. ఎప్పుడూ తప్పు పోని పిల్ల కదా, ఇంకా ఎక్కువ నొచ్చుకుంది. ఈ జన్మలో మళ్ళీ నవ్వులపాలు కాకూడదని గట్టిగా అనుకుంది.

కొన్నాళ్ళకు మళ్ళీ చిగురి వంతు వచ్చింది. కింద అందరూ తింటున్నారు. చుక్కి కొంచెం దూరంగా, గడ్డి దాపున లేత పరకలు కొరుకుతోంది. ఆ గడ్డిలో పసుప్పచ్చగా ఏదో కదిలినట్టయింది.

చిగురి నోరు తెరిచింది. అంతలో సిగ్గుకొమ్మ గుర్తొచ్చింది. తెరిచిన నోరు మూసేసింది. 'ఎండకు మెరిసిన గడ్డేమో. మళ్ళీ నెమలేమో. ఇంకొంచెం చూద్దాం' అనుకుంది.

ఇంకొంచెం చూసింది. గడ్డి ఆగింది. అమ్మయ్య అనుకుంది. మరుక్షణం గడ్డిలోంచి చిరుత దూకింది!

"ఖక్! ఖక్!"

అప్పుడు అరిచి ఏం లాభం, మీరే చెప్పండి? చిరుత పంజా చుక్కి వెనక కాలికి తగిలింది. చుక్కి గట్టు మీది నుంచి దొర్లి వాగులో పడింది. నీళ్ళు లోతుగా ఉండబట్టి చిరుత గట్టు మీదే ఆగింది, చుక్కి బతికింది. కాలు మాత్రం విరిగింది. మళ్ళీ సరిగ్గా అతకలేదు.

చిరుత వెళ్ళిపోయాక చిగురి చెట్టు దిగి, ఎలాగో ఒడ్డుకు చేరిన చుక్కి పక్కన కూర్చుంది. ఏడుపు ఆగడం లేదు.

"ఒసేయ్ చిగురీ, దాన్ని నువ్వు చూడలేదా?" అడిగింది చుక్కి.

"చూశానే. చిరుతో కాదో తేలలేదు."

"తేలకపోతే అరవాలి కదే?"

"నవ్వుతారని భయమేసింది."

చుక్కి తన కాలు వైపు చూసుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది, "నవ్వితే కాలు విరగదు కదే."

ఆ మాట చిగురి గుండెలో ముల్లులా దిగింది. తిన్నగా బోసవ్వ దగ్గరకు పోయి, "అవ్వా, నేనిక కాపలాకు పోను. నాకు చేతకాదు" అని ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

బోసవ్వ తల నిమిరింది. "పిచ్చిదానా, బడిలో నీకు కూతలన్నీ నేర్పాను. అనుమానంలో నోరు తెరవడం మాత్రం బడిలో వచ్చేది కాదు. పనిలోనే రావాలి. తప్పయితే అవుతుంది, కొమ్మెక్కి కూర్చుంటావు. నీ ఒక్కదాని సిగ్గు పెద్దదా, కిందున్నవాళ్ళ ప్రాణాలు పెద్దవా? నువ్వే తేల్చుకో" అంది.

చిగురి తేల్చుకుంది. మర్నాడే చిటారుకొమ్మ ఎక్కింది. అనుమానం వస్తే చాలు, అరిచింది. ఒకసారి నిజంగానే చిరుత. ఇంకోసారి అడవిపంది. మరోసారి ఏమీ లేదు, వట్టి గాలి! తప్పయిన ప్రతిసారీ తనే పోయి సిగ్గుకొమ్మ ఎక్కింది. ఖాళీ కడుపుతో కూర్చుని ఎగతాళి భరించింది. కళ్ళ నీళ్ళు తిరిగినా దిగలేదు. ఆ రోజుల్లో చుక్కి కుంటుకుంటూ వచ్చి కొమ్మ కింద పడుకునేది. పెద్ద కబుర్లేం ఉండవు. ఊరికే తోడు.

దుప్పులకు మాత్రం సంగతి తెలిసిపోయింది. "పైన చిగురి ఉన్న రోజు మేం పిల్లల్ని నిశ్చింతగా మేపుకుంటాం" అని చెప్పుకునేవి. ఆ మాట ఆ నోటా ఈ నోటా కొండముచ్చుల దాకా వచ్చింది. ఏళ్ళు గడిచాయి. గండరయ్య ముసలివాడయ్యాడు. గుంపంతా కూడి, చిగురినే పెద్దను చేసుకుంది.

పెద్దరికం వచ్చిందని కథ అయిపోయిందనుకున్నారా? ఆగండి, అసలు పరీక్ష ఇప్పుడే.

బుడ్డి అని ఒక చిన్నపిల్ల మొదటిసారి కాపలాకు ఎక్కింది. సుడిగాలి లేచింది. ఎండిన మోదుగాకులు గుంపుగా లేచి నేల మీద పరుగెత్తాయి. బుడ్డి హడలిపోయి "ఖక్! ఖక్!" అంది. అందరూ చెట్టెక్కారు. చూస్తే ఏముంది, ఆకులూ దుమ్మూ!

"ఏదమ్మా చిరుత?" అని పిల్లలు మొదలుపెట్టారు. బుడ్డి తల దించుకుని సిగ్గుకొమ్మ వైపు నడిచింది. దాని గడ్డం వణుకుతోంది. ఆ వణుకు చిగురికి బాగా తెలుసు. తనదే కదా అది!

"ఆగవే బుడ్డీ. ఆ కొమ్మ ఎక్కకు" అంది చిగురి.

గుంపంతా బిత్తరపోయింది. గండరయ్య ఆయాసపడుతూ ముందుకొచ్చాడు.

"ఇదేం పెద్దరికమే అమ్మాయీ? తాతల నాటి ఆచారం. ఇది తప్పితే రేపు ప్రతి పిల్లా ప్రతి ఆకుకీ అరుస్తుంది. మనం తినేదెప్పుడు?"

"అరవనీ మామా. ఊరికే చెట్టెక్కి దిగితే ఆయాసం వస్తుంది, అంతేగా. అరవని రోజు ఏమొచ్చిందో అటు చూడు."

అటు చుక్కి ఉంది. దుప్పులన్నీ వాగు దాటి వెళ్ళిపోయాయి. చుక్కి ఒక్కతే ఇంకా అవతలి ఒడ్డుకు చేరలేదు. కుంటికాలు ఈడ్చుకుంటూ, వగరుస్తూ ఆగిపోయి ఉంది.

"ఆ కాలు విరిచింది చిరుత ఒక్కటే కాదు మామా. ఈ కొమ్మ కూడా విరిచింది" అంది చిగురి. "ఆ రోజు నాకు చిరుత కంటే ఈ కొమ్మే ఎక్కువ భయమేసింది. ఇంకో పిల్లకు ఆ భయం వద్దు."

చిగురి రెండు చేతులా సిగ్గుకొమ్మను పట్టుకుని లాగింది. ముదురు కొమ్మ, కదల్లేదు. మళ్ళీ లాగింది, కిర్రుమంది గానీ విరగలేదు. అప్పుడు గండరయ్య వచ్చాడు. రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగేసరికి కొమ్మ ఫెళ్ళున విరిగి కింద పడింది.

వాగు అవతల నుంచి దుప్పులు తిరిగొచ్చి, దాని ఆకులు కమ్మగా తినేశాయి. ఆ పూట ఏరిన ఇప్పపూలలో మొదటి గుప్పెడు చిగురి బుడ్డి చేతిలో పోసింది.

"నువ్వు చూసింది చెప్పావు. నీ పని నువ్వు చేశావు. తిను" అంది.

బుడ్డి తినేలోపు గండరయ్య కూడా తన వాటాలో నాలుగు పూలు దాని ముందు పెట్టాడు. ఆకలికి ఆగలేని గండరయ్య!

తొలకరి పడింది. గడ్డి నిలువెత్తు పెరిగింది. ఒక మబ్బు పట్టిన పూట బుడ్డి కాపలా ఉంది. గడ్డి కొసలు చిన్నగా ఊగాయి. గాలేమో! బుడ్డికి అనుమానం వచ్చింది. ఒక్కసారి కిందకు చూసింది. కొమ్మ ఉన్న చోట మాను మీద వట్టి మచ్చ కనబడింది.

"ఖక్! ఖక్!"

ఎవరూ విసుక్కోలేదు. కొండముచ్చులు చెట్టెక్కాయి. దుప్పులు పరుగెత్తాయి. చుక్కి అందరికంటే వెనకే, కుంటుకుంటూ, పడుతూ లేస్తూ వాగు దాటి అవతలి ఒడ్డెక్కింది. అప్పుడు, అంత సేపటికి, గడ్డిలోంచి చిరుత బయటికొచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. ఒక్క ప్రాణీ లేదు. తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

చుక్కి అవతలి ఒడ్డున నిలబడి, వగరుస్తూనే తలెత్తి చిగురిని పిలిచింది.

"ఒసేయ్ చిగురీ! కూత ముందే వస్తే కుంటికాలైనా చాలే!"

నీతి: తప్పు చెప్పినవాళ్ళను నవ్వులపాలు చేస్తే, నిజం చూసినవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు. పదిమందీ భయం లేకుండా నోరు తెరిచేలా చూసుకునేవాళ్ళే పెద్దరికానికి తగినవాళ్ళు.