రాజుగారి ఏడుపు పాట

చావు ఇళ్లల్లో రాగం తీసి ఏడవడం నూకాలు పని. రణధీరుడు రాజయ్యాక ఆమెకు ఒక్కరోజూ తీరిక లేదు. యుద్ధం మీద యుద్ధం మరి. అయినా ఒక చావుకి పాడిన పాట ఇంకో చావుకి పాడేది కాదు.

ఆ సంగతి విని రాజు ఆమెను పిలిపించాడు.

"నేను పోయాక పాడే పాట ఇప్పుడే వినాలి. మా కవులకి పొగడ్త తప్ప ఏదీ తోచదు. నువ్వు కట్టు. కట్టకపోతే తల తీయిస్తా."

"నాకూ ఏదీ తోచదు దొరా. శవం పక్కన చెవులప్పగించి కూర్చుంటాను. వచ్చినవాళ్లు మనసులోంచి అన్న మొదటి మాటే నాకు పల్లవి. తమరు బతికుండగా అలాంటి మాట ఎవరంటారు? ఒక్క పూట పోయినట్టు పడుకోండి."

రాజు సరదాపడ్డాడు. పోయానని చాటింపు వేయించి, నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

జనం వచ్చారు, పూలు వేశారు, వెళ్లిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు. పొద్దు వాలుతుండగా ఒక ముసలమ్మ వచ్చి నూకాలుని మెల్లగా అడిగింది.

"ఏమ్మా, ఇక మావాణ్ణి యుద్ధం నుంచి ఇంటికి పంపించేస్తారా?"

ఆమె వెళ్లాక నూకాలు దుప్పటి మీదికి వంగింది.

"పల్లవి దొరికింది దొరా. పాడమంటారా? లేక ఇంకో పల్లవి వచ్చేలా కొన్నాళ్లు బతుకుతారా?"

"ముందు ఆ ముసలమ్మని వెనక్కి పిలువు," అన్నాడు రాజు దుప్పటి తీసేసి.