జీపుకి తొండం

వాగు అవతల నూకాలు చెల్లెలు పురిటినొప్పులు పడుతోంది. మంత్రసానిని దాటించాలంటే జమీందారుగారి పాత జీపు ఒక్కటే దిక్కు. మెకానిక్కు పనిలో చేయితిరిగిన నూకాలు ఫ్యాను నీళ్లు చిమ్మకుండా దాని బెల్టు విప్పింది, తడి తగలకుండా వైర్లకు గ్రీజు పట్టించింది, ఇంజను గాలి పీల్చే చోట గొట్టం బిగించి టాపు దాకా లేపింది.

బుర్రకంటే మీసం పొడవైన జమీందారు వచ్చి చూశాడు.

"నా జీపుకి ఆ తొండమేమిటే? నలుగురూ చూస్తే నా పరువేం కాను? ఊడదీస్తేనే తాళమిస్తాను."

"చిత్తం దొరా. తమరు వాగులో తల ముంచి, నీళ్లలోంచే ఆ హుకుం ఇవ్వండి. వినబడగానే ఊడదీస్తాను."

"నీళ్లలో ఊపిరెలా ఆడుతుందే, పిచ్చిదానా?"

"మరి ఇంజనుకు మాత్రం ఎలా ఆడుతుంది దొరా?"

పక్కనే ఉన్న మంత్రసాని కిసుక్కున నవ్వింది. జమీందారు తాళం తీసి నూకాలు చేతిలో పెట్టాడు.

నడుంలోతు నీళ్లను చీల్చుకుంటూ జీపు గట్టెక్కింది. దీపాలు పెట్టకముందే చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది, వాగు ఇవతలికి కూడా వినబడేలా.